యెస్ ఓడింది, నో చెదిరింది: స్కాట్లండ్‌లో పదేళ్ల ఓట్ల లెక్క

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 2014 సెప్టెంబర్ 18న జరిగిన రెఫరెండంలో, అంటే ప్రజాభిప్రాయ ఓటింగులో, బ్రిటన్ నుంచి విడిపోయి స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలంటూ యెస్ వైపు పడ్డ ఓట్లు 16,17,989. అవి ఓడిపోయాయి. ఎనిమిది నెలలు తిరక్కముందే, 2015 మే 7న జరిగిన బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో, స్వతంత్రం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీకి, అంటే ఎస్ఎన్‌పీకి, పడ్డ ఓట్లు 14,54,436. లక్షన్నరకు పైగా తక్కువ. ఆ తక్కువ ఓట్లతోనే ఆ పార్టీ స్కాట్లండ్‌లో ఉన్న 59 సీట్లలో 56 పట్టుకుపోయింది. అంతకుముందు దానికున్నవి ఆరు.

2024 సెప్టెంబర్‌తో ఆ రెఫరెండంకి పదేళ్లు నిండాయి. స్వతంత్రం వచ్చి ఉంటే ఏమయ్యేది, రాకపోవడం మంచిదైందా కాదా అని పేపర్లలో పెద్ద పెద్ద వ్యాసాలు వచ్చాయి. నన్ను తొలిచే ప్రశ్న వేరు. ఓడిన వాళ్లు ఆ తర్వాత వరసగా ఎన్నికలెలా గెలిచారు? గెలిచిన వైపు నాయకత్వం వహించిన లేబర్ పార్టీ ఎందుకు తుడిచిపెట్టుకుపోయింది? అదే పార్టీ 2024 జూలైలో మళ్లీ ఎలా లేచింది? దీని మీద చాలామంది ప్రొఫెసర్లు రాశారు. నేను రాసేది మందుల షాపు కౌంటర్ వెనక నుంచి కనబడినంత.

నేను గ్లాస్గో ఉత్తరాన స్ప్రింగ్‌బర్న్‌లో ఒక మందుల షాపులో పనిచేస్తాను. ఒకప్పుడు ఇక్కడ తయారైన రైలింజన్లు ప్రపంచమంతా తిరిగాయి. ఆ కార్ఖానాలు పోయాయి. మిగిలింది ఎత్తయిన ఫ్లాట్లు, పెద్ద వయసువాళ్లు, వాళ్ల మోకాళ్ల నొప్పులు, మా షాపు ముందు క్యూ. రాజకీయంగా చెప్పాలంటే లేబర్ పార్టీ కంచుకోట. 1935 నుంచి 2015 దాకా ఇక్కడ ఇంకో పార్టీ గెలిచిందే లేదు. 2010లో మా నియోజకవర్గం గ్లాస్గో నార్త్ ఈస్ట్‌లో లేబర్ అభ్యర్థికి నూటికి 68 ఓట్లు పడ్డాయి, ఎస్ఎన్‌పీకి 14.

చాలామంది మనవాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఇక్కడ చట్టబద్ధంగా నివసించే భారతీయులకు, భారత పాస్‌పోర్టు చేతిలో ఉన్నా సరే, ఓటు హక్కు ఉంది. కామన్వెల్త్ దేశస్తులకు అది ఎప్పటి నుంచో ఉన్న హక్కు. రెఫరెండంలోనూ అంతే. స్కాట్లండ్‌లో పుట్టి లండన్‌లో ఉంటున్నవాడికి ఓటు లేదు, స్ప్రింగ్‌బర్న్‌లో అద్దెకుంటున్న నాకు ఉంది. ఒక దేశం పుట్టాలా వద్దా అని నన్ను కూడా అడిగారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నేను నో అని వేశాను, మా ఆయన యెస్ అని వేశాడు. ఆ వేసవంతా మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర అదే చర్చ.

మా షాపులో నాకంటే సీనియర్ ఒకావిడ ఉండేది. అప్పటికే యాభై దాటాయి. వాళ్ల నాన్న రైల్వే యార్డులో యూనియన్ మనిషి. పుట్టిన దగ్గర్నుంచి లేబర్ ఇల్లు. లేబర్ పార్టీకి కాకుండా ఇంకొకరికి ఓటేయడమనే ఆలోచనే ఆవిడకు ఎప్పుడూ రాలేదట. అలాంటి మనిషి యెస్ వేసింది. నాకు అసలు కీలకం ఇక్కడే ఉందనిపిస్తుంది. మామూలు ఎన్నికల్లో బ్యాలెట్ మీద పార్టీ పేరుంటుంది, కాబట్టి ఇంకో గుర్తు మీద పెన్సిల్ పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది. రెఫరెండం బ్యాలెట్ మీద ఏ పార్టీ పేరూ లేదు. "స్కాట్లండ్ స్వతంత్ర దేశంగా ఉండాలా?" అన్న ఒక్క ప్రశ్న, కింద రెండు గళ్లు. అంతే. ఆవిడ పార్టీ మారకుండానే గడప దాటింది. 2010లో లేబర్‌కి వేసినవాళ్లలో సుమారు మూడింట ఒక వంతు అలాగే దాటారని అప్పటి పోల్స్ చెప్పాయి.

దాటినవాళ్లు వెనక్కి రావచ్చు. మామూలుగా వస్తారు కూడా. వాళ్లు రాకుండా తలుపేసుకున్నది లేబర్ పార్టీయే అని నా నమ్మకం.

నో ప్రచారం కోసం లేబర్, కన్జర్వేటివ్, లిబరల్ డెమొక్రాట్ పార్టీలు మూడూ కలిసి బెటర్ టుగెదర్ అనే సంస్థ పెట్టాయి. లేబర్ మాజీ ఆర్థిక మంత్రి అలిస్టేర్ డార్లింగ్ దానికి చైర్మన్. లెక్క ప్రకారం అది సబబే. స్కాట్లండ్‌లో లేబర్‌కి 41 మంది ఎంపీలు, కన్జర్వేటివ్‌లకు ఒక్కడు. ప్రచారంలో ఇళ్ల చుట్టూ తిరిగే మనుషులు లేబర్ దగ్గరే ఉన్నారు. కానీ స్ప్రింగ్‌బర్న్ లాంటి పేటలో టోరీ, అంటే కన్జర్వేటివ్, అన్న మాట ఎలా వినపడుతుందో బయటివాళ్లకు చెప్పడం కష్టం. కన్జర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్ హయాంలో పోల్ టాక్స్‌ను, అంటే తలకింత అని వేసే పన్నును, ఇంగ్లండ్ కంటే ఏడాది ముందు, 1989లో, స్కాట్లండ్‌లో అమలు చేశారు. 1997లో కన్జర్వేటివ్‌లకు ఇక్కడ ఒక్క సీటు కూడా రాలేదు. ఆ కోపం తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా వచ్చింది. అలాంటి చోట లేబర్ నాయకులు టోరీ నాయకులతో ఒకే వేదిక మీద నిలబడి, విడిపోతే మీ పింఛను ఏమవుతుందో, మీ పౌండు ఏమవుతుందో అని హెచ్చరించారు. "వాళ్లు మా గుమ్మంలోకొచ్చి టోరీల కాగితం నా చేతిలో పెట్టారు" అంది మా సీనియర్. అది బెటర్ టుగెదర్ కరపత్రం. ఆవిడ దృష్టిలో రెండూ ఒకటే. ఆ నెలల్లోనే లేబర్ వాళ్లను ఎర్ర టోరీలు అనే తిట్టు వీధుల్లో బాగా ప్రచారమైంది.

సెప్టెంబర్ మొదటి వారాంతంలో ఒక పోల్‌లో యెస్ 51, నో 49 అని వచ్చింది. లండన్‌లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. పోలింగ్‌కి రెండు రోజుల ముందు డైలీ రికార్డ్ పేపరు మొదటి పేజీలో ముగ్గురు లండన్ నాయకులు, కన్జర్వేటివ్ ప్రధాని డేవిడ్ కామెరాన్, లేబర్ నాయకుడు ఎడ్ మిలిబాండ్, లిబరల్ డెమొక్రాట్ నాయకుడు నిక్ క్లెగ్, స్కాట్లండ్ పార్లమెంటుకు మరిన్ని అధికారాలిస్తామని ప్రతిజ్ఞ చేశారు. ఓటింగ్ 84.6 శాతం నమోదైంది. పదహారేళ్లు నిండిన పిల్లలు కూడా తొలిసారి ఓటేశారు. నోకి 55.3 శాతం, యెస్‌కి 44.7 శాతం. దేశంలోని 32 కౌన్సిళ్లలో యెస్ గెలిచినవి నాలుగే: డండీ, గ్లాస్గో, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్, నార్త్ లానార్క్‌షైర్. మ్యాపు తీసి చూడండి, డండీ తప్పిస్తే మిగతా మూడూ లేబర్ కంచుకోటలే. మిగతా దేశం నో అంటే లేబర్ సొంత ఇలాకా యెస్ అంది. ఆ రాత్రి గెలుపు సంబరాల్లో దాన్ని సరిగ్గా చదివినవాళ్లు లేబర్‌లో ఎంతమంది ఉన్నారో గానీ, చదివి ఉంటే నిద్ర పట్టేది కాదు.

మర్నాడు పొద్దున్నే కామెరాన్ డౌనింగ్ స్ట్రీట్‌లో తన ఇంటి ముందు నిలబడి, ఇక ఇంగ్లండ్ చట్టాల మీద ఇంగ్లండ్ ఎంపీలే ఓటేసే ఏర్పాటు కావాలని ప్రకటించాడు. స్కాట్లండ్ ఉండిపోతానని చెప్పి ఇంకా కొన్ని గంటలే అయింది. నో వేసిన నాకే అది చెంపదెబ్బలా తగిలింది. యెస్ వేసినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నెల తిరిగేసరికి స్కాటిష్ లేబర్ నాయకురాలు జోహాన్ లామాంట్ రాజీనామా చేస్తూ, లండన్ వాళ్లు మమ్మల్ని బ్రాంచి ఆఫీసులా చూస్తున్నారని బాహాటంగా అంది. ఎస్ఎన్‌పీ రెండేళ్లుగా అంటున్న మాటే అది. ఇప్పుడు లేబర్ నాయకురాలి నోటి నుంచే వచ్చింది.

అటువైపు ఓడిన శిబిరంలో ఏం జరిగిందో చూడండి. మామూలుగా ఓడిన పార్టీ కార్యకర్తలు నీరసించి ఇళ్లకు పోతారు. ఇక్కడ క్యూ కట్టి పార్టీలో చేరారు. రెఫరెండం నాటికి 25 వేలు ఉన్న ఎస్ఎన్‌పీ సభ్యత్వం 2015 మార్చికల్లా లక్ష దాటింది. స్వతంత్రం కోరే మరో పార్టీ గ్రీన్స్ సభ్యత్వం కూడా ఎన్నో రెట్లు పెరిగింది. ఓటమి మర్నాడే ఎస్ఎన్‌పీ నాయకుడు అలెక్స్ సామండ్ తప్పుకుంటానని ప్రకటించాడు, నవంబర్‌లో నికోలా స్టర్జన్ ఆ స్థానంలోకి వచ్చింది. క్లైడ్ నది ఒడ్డున రాక్ కచేరీలు జరిగే హైడ్రో హాల్లో ఆమె సభ పెడితే సుమారు 12 వేల మంది వచ్చారు. మా ఆయన వెళ్లొచ్చాడు. ఓడిపోయినవాళ్ల సభలా లేదు, పెళ్లిలా ఉందన్నాడు.

ఎందుకలా? రెఫరెండం కోసం రెండేళ్ల పాటు ప్రతి పేటలోనూ చిన్న చిన్న యెస్ బృందాలు పుట్టాయి. జీవితంలో ఏ మీటింగ్‌కీ వెళ్లనివాళ్లు చర్చి హాళ్లలో కూర్చుని పింఛన్ల గురించి, చమురు గురించి వాదించుకున్నారు. పక్కింటివాళ్ల పేర్లు ఆ మీటింగుల్లోనే తెలిశాయి. ఓటు అయిపోయినంత మాత్రాన ఆ పరిచయాలు పోవు. వాళ్లంతా తమను తాము 45 అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. అంకె పేరైంది. ఆ పేరుకి ఇక ఒక ఇల్లు కావాలి. ఎన్నికల్లో నిలబడే సత్తా ఉన్న ఇల్లు ఒక్క ఎస్ఎన్‌పీయే. నో వైపు 55 శాతానికి ఉమ్మడి పేరేమీ లేదు. ఆ ఓట్లు మూడు పార్టీల మధ్య, వాటిలో రెండు ఒకదాన్నొకటి అసహ్యించుకునే పార్టీల మధ్య, ఉండిపోయాయి.

ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే సీటు అనే మన పద్ధతే ఇక్కడి వెస్ట్‌మినిస్టర్, అంటే బ్రిటన్ పార్లమెంటు, ఎన్నికలదీ. ఓట్లు చీలితే ఏమవుతుందో తెలుగువాళ్లకు నేను చెప్పాలా? 45 ఒక చోట, 55 మూడు చోట్ల. 2015లో ఎస్ఎన్‌పీకి సరిగ్గా సగం ఓట్లు, 95 శాతం సీట్లు. లేబర్ 41 నుంచి ఒకటికి పడింది. ఎడిన్‌బరా సౌత్‌లో ఇయాన్ మర్రీ ఒక్కడే మిగిలాడు. లిబరల్ డెమొక్రాట్లు 11 నుంచి ఒకటికి. లామాంట్ తర్వాత లేబర్ పగ్గాలు పట్టిన జిమ్ మర్ఫీ తన సొంత సీటే పోగొట్టుకున్నాడు. పైస్లీలో మాజీ మంత్రి డగ్లస్ అలెగ్జాండర్‌ని ఇరవయ్యేళ్ల విద్యార్థిని మైరీ బ్లాక్ ఓడించింది. గ్లాస్గోలోని ఏడు సీట్లూ పోయాయి. మా నియోజకవర్గంలో 68 శాతం ఉన్న లేబర్ 34కి దిగితే, 14 ఉన్న ఎస్ఎన్‌పీ 58కి ఎక్కింది. లేబర్ నుంచి ఎస్ఎన్‌పీకి 39 శాతం స్వింగు, అంటే ఒకరు పోగొట్టుకున్నదీ ఇంకొకరు తెచ్చుకున్నదీ కలిపి సగం చేసిన లెక్క. ఆ రాత్రి దేశం మొత్తంలో అదే అతిపెద్దది. నేను ఓటేసిన మనిషి అంత ఘోరంగా ఓడిపోవడం నాకు బాధగానే ఉంది. పార్లమెంటులో మా పేట గురించి నిజంగా పట్టించుకున్నవాడు.

దీని దెబ్బ ఇంగ్లండ్‌లో కూడా తగిలిందన్నది చాలామంది మర్చిపోయే సంగతి. ఆ ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లు ఒక పోస్టరు వేశారు. అందులో సామండ్ కోటు జేబులో బుల్లి మిలిబాండ్ కూర్చుని ఉంటాడు. లేబర్‌కి ఓటేస్తే ఎస్ఎన్‌పీ చెప్పుచేతల్లో నడిచే ప్రభుత్వం వస్తుందని ఇంగ్లండ్ ఓటరును భయపెట్టడం దాని ఉద్దేశం. ఎంత పనిచేసిందో కొలిచి చెప్పలేం గానీ, కామెరాన్‌కి ఎవరూ అనుకోని మెజారిటీ వచ్చింది. ఆ మెజారిటీ రావడం వల్లే యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని రెఫరెండం పెడతానన్న మాట నిలబెట్టుకోవాల్సి వచ్చింది. ఒక రెఫరెండం ఇంకో రెఫరెండంకి దారి తీసింది.

ఇక నో వైపు. ఒకవైపు ఓట్లన్నీ గంపగుత్తగా పోతుంటే ఇటువైపు వాళ్లు ఎంతకాలం చూస్తూ కూర్చుంటారు? వాళ్లకీ ఇల్లు కావాలి. గ్లాస్గో పక్కనే ఉన్న న్యూటన్ మెర్న్స్‌లో మాకు తెలిసిన తెలుగు డాక్టర్ల కుటుంబం ఒకటుంది. ఎప్పుడూ లేబర్‌కే వేసేవాళ్లు. 2017లో కన్జర్వేటివ్‌కి వేశారు. ఏమ్మా, ఎందుకిలా అని అడిగితే, "రెండో రెఫరెండం వద్దని గట్టిగా చెప్పేది వాళ్లే కదా, ఇళ్లు కొనుక్కున్నాం, పిల్లలు చదువుల్లో ఉన్నారు, మళ్లీ ఆ గొడవ మా వల్ల కాదు" అంది ఆవిడ. స్కాటిష్ కన్జర్వేటివ్ నాయకురాలు రూత్ డేవిడ్‌సన్ పట్టుకున్నది సరిగ్గా ఈ నాడినే. ఆమె కరపత్రాల్లో పార్టీ పేరు చిన్నగా, రెండో రెఫరెండంకి నో అన్న మాట పెద్దగా ఉండేది. 2016 హోలీరూడ్ ఎన్నికల్లో, అంటే స్కాట్లండ్ పార్లమెంటు ఎన్నికల్లో, టోరీలు 31 సీట్లతో రెండో స్థానానికి వచ్చారు. లేబర్ 24తో మూడో స్థానానికి జారింది. పదేళ్ల కిందట ఎవరైనా ఈ మాటంటే స్ప్రింగ్‌బర్న్‌లో నవ్వేవాళ్లు.

అప్పటి లేబర్ పరిస్థితి తలచుకుంటే జాలేస్తుంది. సొంత ఓటర్లలో యెస్ వాళ్లూ ఉన్నారు, నో వాళ్లూ ఉన్నారు. గట్టిగా నో అంటే మా సీనియర్ లాంటివాళ్లు తిరిగి రారు. మెత్తబడితే న్యూటన్ మెర్న్స్ డాక్టర్లు పోతారు. మధ్యేమార్గంగా మాట్లాడితే రెండువైపులా ఎవరూ వినరు. ఆసుపత్రులు, జీతాలు, ఇళ్ల గురించి మాట్లాడదామంటే "ముందు ఇది చెప్పు, యెస్సా నోనా?" అనేవాళ్లు. మా షాపుకు వచ్చేవాళ్లు మోకాలి ఆపరేషన్ కోసం నెలల తరబడి ఎదురు చూస్తూ నొప్పి మాత్రలు పట్టుకెళ్లేవాళ్లు. స్కాట్లండ్‌లో ఆరోగ్యశాఖ నడిపేది హోలీరూడ్ ప్రభుత్వమే. కానీ ఎన్నిక వచ్చేసరికి ఆ క్యూ గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగితే అది బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల మాట అని కొట్టిపారేసేవాళ్లు. ఆ ఏళ్ల మీద నాకున్న కోపం ఇదొక్కటే, అది ఇప్పటికీ చల్లారలేదు.

యూరప్ రెఫరెండం వచ్చి లెక్కను ఇంకాస్త చిక్కుముడి చేసింది. 2016 జూన్‌లో స్కాట్లండ్ 62 శాతంతో యూరప్‌లో ఉండాలంది, మొత్తం 32 కౌన్సిళ్లూ అదే చెప్పాయి. బ్రిటన్ మొత్తం మీద మాత్రం బయటికెళ్లాలన్నవాళ్లే గెలిచారు. ఇదిగో మా అభీష్టానికి విరుద్ధంగా లాక్కెళ్తున్నారు, మళ్లీ రెఫరెండం కావాలని 2017 మార్చిలో స్టర్జన్ అడిగింది. ఇది సమయం కాదంది అప్పటి బ్రిటన్ ప్రధాని, టోరీ నాయకురాలు థెరిసా మే. స్టర్జన్ లెక్క బయటికి బాగానే కనబడింది. కానీ యెస్ వాళ్లందరూ యూరప్ ప్రేమికులు కారు. ఈశాన్య తీరంలో చేపలు పట్టే ఊళ్లలో స్కాట్లండ్ స్వతంత్రమూ కావాలి, బ్రసెల్స్ నుంచి యూరప్ పెత్తనమూ వద్దు అనేవాళ్లు బోలెడుమంది. 2017 జూన్‌లో ఆ తీరమంతా టోరీలకు పోయింది. సామండ్ గోర్డన్‌లో ఓడిపోయాడు. వెస్ట్‌మినిస్టర్‌లో ఎస్ఎన్‌పీ నాయకుడు ఆంగస్ రాబర్ట్‌సన్ మోరేలో ఓడిపోయాడు. 56 సీట్లు 35 అయ్యాయి. రెండేళ్లలో దాదాపు నాలుగు లక్షల 77 వేల ఓట్లు తగ్గాయి. యెస్ వేసినవాళ్లలో చాలామంది మనసు మార్చుకోలేదు, పోలింగ్ రోజు ఇంట్లో కూర్చున్నారంతే. స్కాట్లండ్‌లో గెలిచిన 13 మంది టోరీలు లేకపోతే థెరిసా మే ప్రభుత్వం నిలబడేదే కాదు. 2015లో ఒక రకంగా, 2017లో ఇంకో రకంగా, లండన్ గద్దె మీద ఎవరుండాలో తేల్చడంలో స్కాట్లండ్ రెఫరెండం చెయ్యి ఉంది.

మా నియోజకవర్గం 2017లో 242 ఓట్ల తేడాతో లేబర్‌కి తిరిగొచ్చింది, 2019లో మళ్లీ ఎస్ఎన్‌పీకి పోయింది. న్యూటన్ మెర్న్స్ ఉన్న ఈస్ట్ రెన్‌ఫ్రూషైర్ చూస్తే ఇంకా విచిత్రం: 2010 లేబర్, 2015 ఎస్ఎన్‌పీ, 2017 కన్జర్వేటివ్, 2019 ఎస్ఎన్‌పీ, 2024 లేబర్. ఇవి జనం చపలచిత్తం అనుకునేరు. అక్కడ యెస్ వాళ్లు యెస్‌గానే, నో వాళ్లు నోగానే ఉన్నారు. మారుతూ వచ్చింది, నో వాళ్లు ఏ పార్టీ దగ్గర చేరితే ఎస్ఎన్‌పీ ఓడుతుందన్న అంచనా. 2014లో బెటర్ టుగెదర్ ప్రచారాన్ని నడిపించిన బ్లెయిర్ మెక్‌డూగల్ 2017లో అక్కడ లేబర్ తరఫున నిలబడితే మూడో స్థానం దక్కింది. నో ప్రచార సారథికే నో ఓటర్లు ఓటేయలేదు, ఎందుకంటే ఆ ఏడు గెలిచేది టోరీ అని లెక్కేశారు. అదే మనిషి 2024 జూలైలో అక్కడి ఎంపీ అయ్యాడు.

ఇక్కడ తెలంగాణ ప్రస్తావన రాకుండా ఉండదు. మా ఆయనది వరంగల్ వైపు, మాది గోదావరి జిల్లా, తెలంగాణ వచ్చిన ఏడాదే ఇక్కడ రెఫరెండం. మన దగ్గర జనాన్ని యెస్సా నోనా అని అడగలేదు, వచ్చింది రాష్ట్రం, దేశం కాదు. అందుకని పోలిక పూర్తిగా కుదరదు. రెండు వైపులా ఓటర్లున్న పార్టీ నలిగిపోవడం ఒక్కటే ఒకేలా ఉంది. రాష్ట్రం ఇచ్చిన కాంగ్రెస్‌కి 2014లో ఆంధ్రలో 175లో సున్నా, తెలంగాణలో కూడా అధికారం రాలేదు.

మళ్లీ ఇటు వస్తే, 2021 హోలీరూడ్ ఎన్నికల్లో ఎస్ఎన్‌పీకి 129లో 64 వచ్చాయి, మెజారిటీకి ఒకటి తక్కువ. డంబార్టన్ లాంటి చోట్ల నో ఓటర్లంతా తెలివిగా ఒకే అభ్యర్థి వెనక చేరడం దానికో కారణం. గ్రీన్స్‌తో ఒప్పందం చేసుకుని ప్రభుత్వం నడిపింది. తర్వాత 2022 నవంబర్ 23న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: లండన్ అనుమతి లేకుండా రెఫరెండం కోసం చట్టం చేసే అధికారం స్కాట్లండ్ పార్లమెంటుకు లేదు. న్యాయమూర్తులు అయిదుగురూ ఏకగ్రీవంగా చెప్పారు. అయితే వచ్చే సార్వత్రిక ఎన్నికనే రెఫరెండం అనుకుందామని స్టర్జన్ అంది. ఆమె పార్టీలోనే చాలామందికి అది నచ్చలేదు. 2023 ఫిబ్రవరిలో ఆమె రాజీనామా చేసింది. తర్వాత వచ్చిన హంజా యూసఫ్ గ్రీన్స్‌తో తెగతెంపులు చేసుకుని ఏడాదికే దిగిపోయాడు. 2024 మేలో జాన్ స్విన్నీ వచ్చాడు.

అందరూ స్టర్జన్ రాజీనామాను, పార్టీ డబ్బుల మీద పోలీసు విచారణను కారణాలుగా చెబుతారు. అవీ నిజమే. నాకు మాత్రం కోర్టు తీర్పే అసలు మలుపు అనిపిస్తుంది. 45ని ఒకే చోట కట్టి ఉంచింది స్వతంత్రం మీద నమ్మకం ఒక్కటే కాదు, ఈసారి ఓటేస్తే ఇంకో రెఫరెండం వస్తుందన్న ఆశ. ఆ దారి మూసుకుపోయిందని తేలగానే, ఎస్ఎన్‌పీకి వేసే ఓటు మళ్లీ మామూలు ఓటైపోయింది. ఆసుపత్రి క్యూ, దీవులకు ఆలస్యంగా నడిచే ఓడలు, కౌన్సిల్ టాక్స్, అన్నీ ఒక్కసారిగా లెక్కలోకి వచ్చాయి. పదిహేడేళ్ల పాలనకు సమాధానం చెప్పాల్సి వచ్చింది.

2024 జూలై 4న ఎస్ఎన్‌పీకి 7,24,758 ఓట్లు పడ్డాయి. 2015తో పోలిస్తే సగమే. 57 సీట్లలో 9. లేబర్‌కి 37, గ్లాస్గోలో ఉన్న ఆరూ వాళ్లవే, మా నియోజకవర్గంతో సహా. అదే సమయంలో స్వతంత్రం మీద పోల్ చేస్తే ఎప్పటిలాగే సగానికి కాస్త అటూ ఇటుగా యెస్ అంటున్నారు. నమ్మకం ఎక్కడికీ పోలేదు. పార్టీకి ముడిపడ్డ ఓటు మాత్రం విడిపోయింది. 30 శాతం ఓటొచ్చిన పార్టీ ఒకవైపు, దాదాపు సగం మంది కోరుకునే స్వతంత్రం ఇంకోవైపు. మధ్యలో ఉన్న ఆ జనం ఈసారి లేబర్‌కి వేశారు, లేదా ఇంట్లో ఉండిపోయారు.

కెనడాలోని క్యుబెక్ ఇలాంటిది ముందే చూసింది. 1980లో అక్కడి రెఫరెండంలో, క్యుబెక్ విడిపోవాలనే పార్టీ క్యుబెక్వా 40–60 తేడాతో ఓడిపోయింది, మరుసటి ఏడాదే ఎన్నికల్లో మంచి మెజారిటీతో గెలిచింది. 1995లో నో కేవలం 50.58 శాతంతో గట్టెక్కింది. అక్కడ కూడా చాలా ఏళ్లు ప్రతి ఎన్నికా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. 2018లో మాత్రం, రెఫరెండం ఊసెత్తం అన్న మూడో పార్టీ మెజారిటీ తెచ్చుకుంది. ఇరవై మూడేళ్లు పట్టింది. ఇక్కడ అంతకాలం పడుతుందా, ముందే అవుతుందా అనేది లేబర్ ఏం చేస్తుందనే దాని మీద ఆధారపడి ఉంది.

మా సీనియర్ ఇప్పుడు రిటైరయింది, మందుల కోసం షాపుకు వస్తూ ఉంటుంది. 2024 జూలైలో పదేళ్ల తర్వాత మళ్లీ లేబర్‌కి వేసింది. రెఫరెండం ఇవాళ పెట్టినా యెస్సే వేస్తుందట, అందులో మార్పేమీ లేదు. "టోరీలను దింపాలి, ఈసారికి అదే పని" అని వేసింది. వేసిన నెల తిరక్కముందే కొత్త లేబర్ ప్రభుత్వం పెద్దవాళ్లకు చలికాలం ఇంటి వెచ్చదనం కోసం ఇచ్చే డబ్బులు, ఇంటికి 200 నుంచి 300 పౌండ్లు, బాగా పేదవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ డబ్బు రాకపోతే మాకూ గత్యంతరం లేదంటూ హోలీరూడ్‌లో ఎస్ఎన్‌పీ ప్రభుత్వం కూడా అదే దారి పట్టింది. ఆవిడకు ఇద్దరి మీదా కోపమే. ఆ సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు, 2026 మేలో జరగాల్సిన హోలీరూడ్ ఎన్నికల గురించి అడిగాను. అక్కడ ఓటరుకు రెండు బ్యాలెట్లు ఉంటాయి, ఒకటి నియోజకవర్గానికి, ఒకటి ప్రాంతం మొత్తం మీద పార్టీ జాబితాకు. ఒకటి లేబర్‌కి, రెండోది గ్రీన్స్‌కి వేద్దామనుకుంటున్నానంది. గ్రీన్స్ స్వతంత్రం కోరే పార్టీయే. ఎస్ఎన్‌పీకి రెండూ లేవు, అప్పటికి వాళ్లు తన మోకాలి ఆపరేషన్ తేదీ ఇస్తే చూస్తానంది.